కోడలి లాగిన్

భార్య ఆఫీసులో అతని ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె డెస్క్‌టాప్ మాత్రం ఇంటి దగ్గర పని చేస్తూనే ఉంది.

అతను మరోసారి చూశాడు. కంపెనీలో అందరి డెస్క్‌టాప్‌లూ వరసగా కనిపించే బోర్డు అది. పనిలో ఉన్నవి పచ్చగా, వదిలేసి వెళ్ళినవి బూడిద రంగులో ఉంటాయి. ఆమె నంబరు పచ్చగా ఉంది. పక్కన 'చివరి కదలిక: ఇప్పుడే' అని ఉంది.

"నీ ఫోనేది?" అన్నాడు.

"ఇంట్లో ఉంది."

"కంప్యూటర్ ఆన్ చేసి వచ్చావా?"

ఆమె కాసేపు ఆలోచించింది, అదేదో కష్టమైన ప్రశ్న అయినట్టు. "నేను ఆన్ చెయ్యలేదు."

కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులే ఉన్నాయి. ఆమె కూడా ఈ కంపెనీ ఉద్యోగే, కాకపోతే ఇంటి నుంచి పని చేస్తుంది. కింద రిసెప్షన్‌లో ఎవరూ గుర్తుపట్టక సందర్శకుల కార్డు ఇచ్చి పంపారు. అది మెడలో తిరగబడి వేలాడుతోంది.

"ఎందుకొచ్చావు?"

"బస్సొచ్చింది. ఎక్కాను."

ఆరో నెలలో కడుపులోని బిడ్డ పోయినప్పటి నుంచీ ఆమె మాటలు ఇలాగే ఉంటున్నాయి. అడిగినదానికి జవాబు వస్తుంది. అంతటితో ఆగిపోతుంది.

అతను బోర్డు వైపు తిరిగాడు. ఆసుపత్రుల్లో డాక్టర్లు నోటితో చెప్పి రికార్డు చేసిన రిపోర్టుల్ని విని టైపు చేయించే కంపెనీ అది. టైపు చేసేవాళ్ళంతా ఇళ్ళలోనే ఉంటారు. వాళ్ళ ఇళ్ళలోని యంత్రాల్లో ఏమీ ఉండదు, అవి ఉత్త కిటికీలు. అసలు డెస్క్‌టాప్‌లన్నీ ఎక్కడో దూరాన పెద్ద సర్వర్ల మీద ఉంటాయి. వాటిని తెరవడం, మూయడం, ఎవరికి ఎంతవరకు దారి ఇవ్వాలో చూడడం అతని ఉద్యోగం. అందుకే ఆఫీసులో అందరూ తాళాలాయన అంటారు.

ఒక మనిషికి ఒకటే లాగిన్. ఇంకొకరి చేతిలో కనిపిస్తే ముందు మూసెయ్యాలి, తర్వాత అడగాలి. నిబంధనల్లో ఆ వాక్యం రాసింది అతనే.

మూసేశాడు. పచ్చ గడి బూడిదగా మారింది. భార్య దాన్ని చూసింది, చూడనట్టే ఉంది.

కొద్దిసేపటికి హెల్ప్ డెస్క్ ఫోను మోగింది. దాని దగ్గర కూర్చునేవాడు టీకి వెళ్ళాడు. అతనే చెయ్యి చాచి ఎత్తాడు.

"హలో, హెల్ప్ డెస్కేనాండీ? నా స్క్రీను నల్లగా అయిపోయిందండీ. మధ్యలో రిపోర్టుందండీ," అంది అవతలి గొంతు. సన్నగా, వయసు తగ్గించుకుని మాట్లాడుతున్న గొంతు.

మొదటి 'హలో'కే అతనికి తెలిసిపోయింది. అయినా నోరు అలవాటు కొద్దీ, "మీ ఉద్యోగి నంబరు చెప్పండి," అంది.

అవతలి మనిషి అతని భార్య నంబరు తడుముకోకుండా చెప్పింది. తర్వాత, అడక్కుండానే, అతని భార్య పేరు కూడా చెప్పింది.

"అమ్మా," అన్నాడతను.

"రాంగ్ నంబరండీ," అని తల్లి ఫోను పెట్టేసింది.

అతను రిసీవర్ పట్టుకునే ఉండిపోయాడు. తలెత్తేసరికి ఆడిట్ మేడమ్ వెనక నిలబడి ఉంది. ఎవరి డెస్క్‌టాప్‌నైనా బలవంతంగా మూస్తే ఆ కబురు ఆమెకి తనంతట తానే చేరుతుంది.

"ఇప్పుడే ఒకటి మూశారు. ఎందుకు?"

"మా ఇంటిదే మేడమ్. వెళ్ళి చూసి చెప్తాను."

ఆమె అతని భార్యని చూసింది, చెప్పుల్ని చూసింది. "ఇవాళే చెప్పండి. రేపటిదాకా ఆగితే నేనే ఏదో ఒకటి రాయాల్సొస్తుంది." వెళ్ళబోతూ ఆగింది. "మధ్యాహ్నం అందరికీ పెట్టాల్సిన అప్‌డేట్ సంగతి?"

"ఆపేస్తున్నానండీ. నలుగురి మీద వేసి చూస్తున్నాం, ఇంకా పూర్తిగా చూడలేదు. సగం చూసినదాన్ని అందరి మీదకీ వదలకూడదు."

"సరే," అంది మేడమ్. "ఇంటికి వెళ్ళండి."

*

బస్సులో భార్య కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపులు దాటాక అతను అడిగాడు.

"అమ్మ ఎప్పట్నుంచి చేస్తోంది?"

"నేను మానేసినప్పట్నుంచి."

"నువ్వు ఎప్పుడు మానేశావు?"

"మీరు నా లాగిన్ మళ్ళీ తెరిచారు చూడండి, ఆ వారంలోనే."

సెలవు అయిపోయిన రోజు అతనికి గుర్తుంది. "ఇంకొన్నాళ్ళు పొడిగించమంటావా?" అంటే, "వద్దు, చేస్తాలే," అంది. అతను ఆఫీసుకు వెళ్ళగానే ఆమె ఖాతా తెరిచాడు. ఆ రోజు నుంచి పనిలో పనిగా రోజుకి నాలుగైదుసార్లు ఆమె గడి వైపు చూసేవాడు. పచ్చగా ఉండేది. టైపు చేస్తోంది కదా, తేరుకుంటోందనుకునేవాడు. ఇంటికి వచ్చాక ఇంకేమీ అడగాల్సిన అవసరం కనిపించేది కాదు.

"లాగిన్ చేసేటప్పుడు కోడ్ నీ ఫోనుకే కదా వస్తుంది?"

"ఫోను అత్తయ్య దగ్గరే ఉంటుంది."

"పాస్‌వర్డ్?"

"నేనే చెప్పాను."

అతను నుదురు నొక్కుకున్నాడు. ముందు సీట్లో ఎవరో పెద్దగా ఫోన్లో మాట్లాడుతున్నారు. ఇంటికి సున్నం వేయించే సంగతి, ఏ రంగు బాగుంటుందన్న సంగతి. భార్య ఆ మాటలు వింటున్నట్టుగా తల కొంచెం వంచింది. దిగాల్సిన స్టాపు వచ్చినా లేవలేదు. అతను భుజం మీద చెయ్యి వేస్తే లేచింది.

*

తల్లి వరండాలోనే నిలబడి ఉంది. మెడలో హెడ్‌ఫోన్లు అలాగే ఉన్నాయి, తీయడం మరిచిపోయినట్టుంది.

"అన్నం పెట్టమంటారా?" అంది.

"రాంగ్ నంబరా అమ్మా?"

"మరేం చెప్పమంటావు? కన్నకొడుకే ఎత్తాడని తెలిశాక కుశలం అడగనా?"

భార్య వాళ్ళని దాటుకుని లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఆమె పనిచేసుకునే బల్ల ఆ గదిలోనే ఉంది. బల్ల మీద తల్లి కళ్ళజోడు, సగం తాగిన టీ, వీపుకి పెట్టుకునే దిండు ఉన్నాయి. చాలాకాలంగా ఒక మనిషి కూర్చుని వాడుకున్న బల్ల అని చూడగానే తెలుస్తోంది. రోజూ ఈ గదిలోకి వస్తూ పోతూ అతను వాటిని చూడనే లేదు.

"కూర్చో అమ్మా."

"నిలబడే వింటాను. చెప్పు."

"ఇది తెలిస్తే తన ఉద్యోగం పోతుంది. నాది కూడా ఉంటుందో లేదో."

"ఎందుకు పోతుంది? పని ఆగిందా? ఒక్కరోజు ఆగలేదు. ఇంట్లో ఒకరికి చేతకానప్పుడు ఇంకొకరు అందుకోవడం తప్పెప్పుడైంది? తనకి జ్వరమొస్తే వంట నేను చెయ్యలేదా?"

"వంటకి లాగిన్ ఉండదమ్మా."

"ఉంటే దానికీ తాళం వేసేవాడివి."

అతను గొంతు తగ్గించాడు. "రోగుల సంగతులవి. ఎవరు వినాలో, ఎవరు కొట్టాలో వాళ్ళ చేత సంతకం పెట్టించుకుంటాం. నువ్వు కొట్టిన ప్రతి రిపోర్టు కిందా తన పేరుంది. నువ్వు తప్పు చేస్తే తను చేసినట్టు."

"ఉద్యోగమంతా కోర్టులో సాక్ష్యాలు టైపు కొట్టినదాన్నిరా. నా వేళ్ళు తప్పు చెయ్యవు."

"వేళ్ళ సంగతి కాదు, చెవుల సంగతి అడుగుతున్నాను. వినపడని చోట ఏం చేశావు?"

"గీత పెట్టి ఖాళీ వదిలేశాను. అమ్మాయే చెప్పింది అలా చెయ్యమని."

"ప్రతిసారీ?"

తల్లి హెడ్‌ఫోన్లు మెడలోంచి తీసింది. తీగ చేతికి చుట్టుకుంది, మళ్ళీ విప్పింది.

"ఇందాక పొద్దున ఒకాయన మాటలు మింగుతూ చెప్పాడు. మోకాలి సంగతి. ఎడమా, కుడా అన్నది సరిగ్గా తెలియలేదు. వెనక్కి తిప్పి విన్నాను. ఎడమ అనే అనిపించింది."

"అనిపించిందా?"

"ఖాళీలు ఎక్కువైతే అమ్మాయికి మాటొస్తుందని..." అని ఆగిపోయింది.

తల్లి గోడ వైపు చూస్తోంది.

"అది ఆపరేషన్ ముందు రాసిన రిపోర్టా, అయిన తర్వాతదా అత్తయ్యా?"

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

"ముందుది," అంది తల్లి. "రేపు పొద్దున్నే చేస్తామన్నాడు."

భార్య వెనక్కి తిరిగి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. తెర మీద ఒకటే వాక్యం ఉంది: ఈ ఖాతా మూసివేయబడింది, మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి.

"తెరవండి," అంది.

"నా ఒక్కడి వల్ల కాదు. మూయడానికి ఒకరు చాలు, ఇలా మూసినదాన్ని తెరవాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి. నేనూ, ఆడిట్ మేడమూ."

"ఆ రూలు ఎవడు పెట్టాడు?" అంది తల్లి.

అతను కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చుని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. "విను. ఆ మోకాలి ఫైలు ఒక్కటీ ఇంకో టైపిస్టుకి వెళ్ళేలా చూస్తాను. నెట్ పోయి మధ్యలో పాడైందని రాస్తాను. వాళ్ళు మళ్ళీ కొట్టి ఆసుపత్రికి పంపిస్తారు. రేపు నీకు సెలవు పెట్టిస్తాను. ఇక్కడితో అయిపోతుంది."

"మిగతావి?"

"మిగతావి బాగానే ఉంటాయి."

"అనిపిస్తోందా మీకు?"

ఆ మాటలో కోపం లేదు. అతను ఆమె ముఖం చూశాడు. అక్కడా కోపం లేదు. అదే అతన్ని భయపెట్టింది.

ఆమె తన ఫోను కోసం చెయ్యి చాచింది. తల్లి కొంగు ముడిలోంచి తీసి ఇవ్వబోయి ఆగింది. "నేను మాట్లాడతానమ్మాయ్. చేసింది నేను. ముసలిదాన్ని, తెలియక చేశానంటాను. నన్నేం చేస్తారు?"

"మీరొద్దు అత్తయ్యా. మళ్ళీ రాంగ్ నంబరంటారు."

తల్లి నోరు కొద్దిగా తెరుచుకుంది. కోడలి నోట వేళాకోళం విని ఎన్నాళ్ళయిందో. ఆమె మాత్రం నవ్వలేదు. నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోను బల్ల మీద ఉంచింది.

మేడమ్ ఎత్తగానే చెప్పింది. ఎక్కడా ఆగలేదు, ఏదీ తగ్గించలేదు. పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను, కోడ్ నా ఫోనుకే వచ్చేది, మా అత్తగారు కొట్టేవారు, మావారికి ఇవాళే తెలిసింది, మోకాలి రిపోర్టులో తప్పుండొచ్చు, రేపు పొద్దున ఆపరేషన్. ఇంకెవరి రిపోర్టో చదువుతున్నట్టు చెప్పింది.

అటువైపు పెన్ను కదులుతున్న చప్పుడు.

"మీవారు పక్కనే ఉన్నారా?"

"ఉన్నారు."

"ఆయన మాట్లాడక్కర్లేదు. నేను చెప్పేది వినమనండి. ముందు ఆసుపత్రికి నేను ఫోను చేసి ఆ రిపోర్టు పక్కన పెట్టిస్తాను. మీ ఖాతా ఈ పని అయ్యేవరకు తెరుస్తాం, మీ ఒక్కరికే. మీ అత్తగారు కొట్టినవన్నీ మీరు మళ్ళీ విని సరిచూడాలి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. శబ్దం మీ చెవుల్లోకి తప్ప బయటికి రాకూడదు. ఎవరి జబ్బు సంగతో అది, మీకు తెలుసు."

"తెలుసండీ."

"ఉద్యోగం ఉంటుందని నేను చెప్పడం లేదు."

"నేను అడగలేదు మేడమ్."

ఫోను పెట్టెయ్యబోతూ మేడమ్ అడిగింది. "ఆరోగ్యం బాగుందా?"

భార్య ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంది. దొరకలేదు. మేడమే ఫోను పెట్టేసింది.

అతను తన లాప్‌టాప్ తెరిచి ఒప్పుకోలు నొక్కాడు. అటునుంచి రెండోది వచ్చింది. మూసిన తెర తెరుచుకుంది.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పెట్టుకునే ముందు వాటిని చేతిలో ఉంచుకుని కాసేపు చూసింది. మోకాలి రిపోర్టు తీసి, వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి వింది. అతనూ తల్లీ గుమ్మం అవతల నిలబడ్డారు.

"కుడి," అంది.

తల్లి గోడకి ఆనుకుని మెల్లగా కిందకి జారి కూర్చుంది. అతను మంచినీళ్ళు తెచ్చి ఇస్తే పుచ్చుకుంది కానీ తాగలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "నాకు ఎడమ అనే వినపడిందిరా," అంది. కొడుక్కి చెప్పినట్టు లేదు, కోర్టులో జడ్జికి చెప్పినట్టుంది.

గదిలో కీబోర్డు చప్పుడు మొదలైంది. తల్లి చేసే చప్పుడు కాదది. తల్లిది టకటకా దంచినట్టుంటుంది. ఇది మెత్తగా ఉంది. ఈ చప్పుడు ఇంట్లో చాలాకాలంగా లేదని అతనికి ఇప్పుడు తెలిసింది.

మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ఆమె తిననంది. తల్లి రెండుసార్లు టీ పెట్టి గుమ్మంలోనే అందించింది. వరండాలోకి వాలిన ఎండ వచ్చింది. అప్పుడు లోపల చప్పుడు ఆగింది.

తల్లి ఆ ఆగడాన్ని గుర్తుపట్టినట్టుంది. లేచి గుమ్మం దాకా వెళ్ళింది.

"అమ్మాయ్. ఆ ఒక్కటీ వదిలెయ్."

భార్య హెడ్‌ఫోన్లు సరిచేసుకుంది.

"అది నేను జాగ్రత్తగా కొట్టాను. రెండుసార్లు విన్నాను. ఒక్క అక్షరం పోలేదు. దాన్ని మళ్ళీ వినక్కర్లేదు."

"అది కూడా వినాలి అత్తయ్యా."

"ఏది?" అన్నాడతను.

ఇద్దరూ అతని వైపు చూడలేదు. తల్లి గ్లాసు తీసుకుని వంటింటి వైపు నడిచింది. వెళ్తూ వెళ్తూ అతని చేతిని ఒకసారి పట్టుకుని వదిలేసింది.

అతను గుమ్మంలోకి వచ్చాడు. భార్య కుర్చీ తిప్పకుండానే మాట్లాడింది.

"ఆలస్యంగా వచ్చిన పాత ఫైలది. వాటిలో పేర్లుండవు కదా, నంబరుంటుంది. వయసు చెప్తాడు, ఎన్నో నెలో చెప్తాడు, ఏ రోజు చేరారో చెప్తాడు. సగం కొట్టాక తెలిసింది."

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా గుమ్మం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది.

"నీదా?"

"నాదే. మన డాక్టరుగారి గొంతే. మామూలుగానే చెప్పారు, అందరిదీ చెప్పినట్టే. కామా ఎక్కడ పెట్టాలో కూడా చెప్పారు. కామా పెట్టాను. ఆ తర్వాత వేళ్ళు కదల్లేదు. అత్తయ్య వచ్చి చూసి, నన్ను లేపి, మిగతాది కొట్టారు. అప్పట్నుంచి ఆవిడే కొడుతున్నారు."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెబుదామనే ఇవాళ బస్సెక్కాను. మీరు బోర్డు చూస్తున్నారు."

ఫైళ్ళు ఎవరికి ఏవి వెళ్ళాలో పంచేది తను కాదని, ఆమె ఈ కంపెనీలోనే టైపు చేస్తుందని ఆసుపత్రి వాళ్ళు చూసుకోవాల్సిందని, ఇలాంటివి ఆపడానికి ఒక ఏర్పాటు ఉండాల్సిందని, అవన్నీ అతని గొంతు దాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

ఆమె ఇప్పుడు కుర్చీ తిప్పింది.

"మిగతా సగం నేను వినలేదు. మీరు అసలే వినలేదు." కళ్ళు పొడిగా ఉన్నాయి. "వింటారా?"

"ఎవరూ ఉండకూడదన్నారు కదా మేడమ్," అన్నాడు. అన్నాక తన గొంతు తనకే హెల్ప్ డెస్క్ గొంతులా వినిపించింది.

ఆమె వాదించలేదు. హెడ్‌ఫోన్లు తీసి, వాటి పిన్ను లాగేసి, పక్కన పెట్టింది. పని వేళలో ఆ పిన్ను బయటికొస్తే ఆఫీసులో ఆడిట్ మేడమ్ తెర మీద ఈ నంబరు ఎర్రబడుతుంది. అది అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

అతను గుమ్మంలో ఇంకొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత తలుపు వేశాడు, లోపలికి వచ్చి.

మంచం అంచున, ఆమె మోకాలికి తన మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. జేబులో ఫోను అదరడం మొదలుపెట్టింది. తీసి చూశాడు. ఆడిట్ మేడమ్.

"ఎవరు?" అంది భార్య.

అతను చెప్పలేదు. ఫోను చేతిలో అదురుతూనే ఉంది.

ఆమె వేలు మీట మీదకి వెళ్ళింది. చిన్న గరగర వచ్చింది, ఎవరో కాగితం తిప్పిన చప్పుడు, ఆ తర్వాత తెలిసిన గొంతు, ఏ తొందరా లేకుండా, "పేషెంట్ వయసు," అని మొదలుపెట్టింది.